మూసి ఉన్న కత్తి ఇవ్వని మనిషి

ఆంటీ జ్ఞాపకార్థ కూడికలో ఆరుగురు మాట్లాడారు. ఇక్కడ అమెరికాలో, షాంటిలీ ఊళ్లో ఒక స్కూలు హాలు అద్దెకు తీసుకుని, ఆదివారం మధ్యాహ్నాలు తెలుగులో ఆరాధన జరుపుకునే చిన్న సంఘం వాళ్లది. పాస్టరుగారు ఆవిడ విశ్వాసం గురించి చెప్పారు. ఒకాయన ఆవిడ గొంతు గురించి, ఆవిడ ఎత్తుకుంటే తప్ప పాట అందుకోని క్వయర్ గురించి చెప్పాడు. ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ నర్సుగా ముప్పై ఏళ్లు చేసిందనీ, ఇక్కడ ఎంతమంది ఆడపిల్లల పురుళ్లకు తల్లిలా నిలబడిందనీ తలుచుకుని మిగతావాళ్లు ఏడ్చారు. అన్నీ నిజాలే. ఒక్కరు కూడా ఆవిడ విల్లూ బాణాల మాట ఎత్తలేదు.

నాకు ఒళ్లు మండింది. డెబ్బై ఏళ్లకు దగ్గరపడిన తెలుగు ఆడమనిషి చెట్టెక్కి కూర్చుని జింకలను కొట్టేదని మైకులో చెప్తే బాగుండదనుకున్నారేమో. మరి ఆ జింక మాంసంలో గోంగూర వేసి ఆవిడ వండుకొస్తే, గిన్నె అడుగు దాకా గోకి తిన్నది వీళ్లే కదా! నాకు మైకు ఎవరూ ఇవ్వలేదు. నేను ఆ సంఘం మనిషిని కాదు, ఆవిడకు బంధువునూ కాదు. అందుకే అక్కడ నోరు మూసుకుని, ఇక్కడ రాస్తున్నాను.

ఆవిడ నాకు దొరకడానికి కారణం నా తోటకూర. మా పెరట్లో నేను ప్రాణం పెట్టి పెంచుకున్న తోటకూరనూ చిక్కుడు పాదునూ జింకలు వరసగా మూడేళ్లు మేసేశాయి. కంచె కట్టాను, సబ్బు ముక్కలు వేలాడదీశాను, రేడియో కూడా పెట్టాను. రేడియో వింటూ మరీ మేశాయి. నాలుగో ఏడు పంతం పట్టి ఒక కాంపౌండ్ విల్లు కొన్నాను. కప్పీలూ తీగలూ ఉండే ఈ కాలపు విల్లు అది. పార్కులో బాణాలు వేసే మైదానానికి వెళ్లి, మొదటి రోజు పది బాణాలు వేస్తే ఏడు గడ్డిలోకి పోయాయి. "అరే, మళ్ల పాయె" అని గొణుక్కున్నాను.

"పోక ఏం చేస్తుంది? మోచెయ్యి అలా ఆకాశంలోకి లేపితే?" అని వెనక నుంచి తెలుగు వినిపించింది.

తిరిగి చూస్తే పూల సల్వార్ కమీజు మీద బూడిద రంగు స్వెట్టర్, కాళ్లకు వాకింగ్ షూస్, ముక్కు మీదకు జారిన కళ్లద్దాలు. గుడికో గ్రోసరీకో వెళ్తూ దారి తప్పి వచ్చిందనుకున్నాను. ఆవిడ తన చేతి గాజులు ఒక్కొక్కటే తీసి స్వెట్టర్ జేబులో వేసుకుంది. విల్లు అందుకుని మూడు బాణాలు వేసింది. మూడూ ఒక టీ సాసర్‌తో కప్పేయగలిగినంత చోటులో దిగాయి. తర్వాత గాజులు మళ్లీ తొడుక్కుంది. ఆ తీయడం, తొడుక్కోవడం ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. వేటకు వెళ్లేటప్పుడు అవి కార్లో కప్పు పెట్టుకునే గుంటలో ఉండేవి. గాజుల గలగల జింకకు నూరు గజాల నుంచి వినబడుతుందనేది.

చప్పుడు విషయంలో ఆవిడ ఎవర్నీ నమ్మేది కాదు. ఒకసారి నేను చెట్టు మీదకు జంతికలు తెచ్చుకుంటే బ్యాగ్ తెరిచి చూసి, "ఇంకేం, బ్యాండుమేళం కూడా తెచ్చుకోకపోయావా?" అంది. ఆవిడ టిఫిను ఎప్పుడూ ఇడ్లీయే. నమిలినా, కింద పడినా చప్పుడు చేయని తిండి ప్రపంచంలో అదొక్కటేనని ఆవిడ వాదన. అడవి నుంచి బయటికి వచ్చేటప్పుడు కారు దగ్గర నిలబడి తెచ్చిన సామాను అంతా పైకి లెక్కపెట్టేది. ఆరు బాణాలు, కత్తి, రెండు గ్లవ్స్, తాడు, ఇడ్లీ డబ్బా. ఆపరేషన్ అయ్యాక దూది ఉండలు, కత్తెరలు లెక్క తేలితే గానీ కుట్లు వేయనివ్వని నర్సు ఆవిడ. రిటైరైనా ఆ లెక్క మానలేదు. లెక్క తప్పితే ఇద్దరం వెనక్కి నడవాల్సిందే.

ఇక మా ఇద్దరికీ అసలు గొడవ బాణం చివర గురించి. వేటకు వెళ్లినప్పుడు బాణం చివర బిగించే పదునైన ములికిని ఇక్కడ బ్రాడ్‌హెడ్ అంటారు. అందులో రెండు జాతులు. ఫిక్స్‌డ్ అనేదానికి బ్లేడ్లు ఎప్పుడూ తెరిచే ఉంటాయి, కదలవు. మెకానికల్ అనేదానికి బ్లేడ్లు గాలిలో పోయేటప్పుడు ముడుచుకుని ఉండి, జంతువుకు తగలగానే రెక్కల్లా విచ్చుకుంటాయి. ఈ రెండింటిలో ఏది మంచిదో అని ఇక్కడి వేటగాళ్లు పెళ్లిలో వియ్యంకుల్లా పోట్లాడుకుంటారు.

నేను మెకానికల్ వైపు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నా ఉద్యోగం కాబట్టి, పద్నాలుగు రకాల ములికిలను ఎక్సెల్‌లో వేసి, బరువు, వెడల్పు, రివ్యూలు అన్నీ నింపి, రంగులు కూడా వేసి ఆవిడకు చూపించాను. ఆవిడ కళ్లద్దాలు పైకి తోసుకుని ఓపిగ్గా చివరి వరుస దాకా చదివింది.

"బావుంది అబ్బాయ్. ఇందులో నువ్వు వదిలి చూసినవి ఎన్ని?"

"ఒక్కటి కూడా లేదు ఆంటీ. మూడు కొన్న గానీ, వదిలితే పదును పోతది కదా. కొత్తవి."

"మా ఆయన టీవీ రిమోటుకి వేసిన ప్లాస్టిక్ కవరు పదేళ్లయినా తియ్యలేదు. నువ్వూ ఆయన జాతే" అంది. వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్న అంకుల్ అది విని, "కవరుండబట్టే అది పదేళ్లు పనిచేసింది" అన్నారు. ఆ ఇంట్లో వంట అంకుల్‌ది, వేట ఆవిడది. జింక మాంసం మాత్రం ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు, తనే వండేది.

ఆవిడ వాడేది ఫిక్స్‌డ్. రెండే బ్లేడ్లు. వాటిని రాయి మీద తనే నూరుకునేది. పదును చూడటానికి ఆవిడకో పద్ధతి ఉంది. ఇండియన్ గ్రోసరీలో కొత్తిమీర కట్టకు వచ్చే రబ్బరు బ్యాండును స్టీలు గ్లాసు మూతికి అడ్డంగా సాగదీసి తొడిగేది. దాని మీద ములికిని ఆనించి, నొక్కకుండా, బాణాన్ని దాని బరువుకే వదిలేది. టప్పున తెగితే సరే. జారితే మళ్లీ రాయి. వాళ్ల ఫ్రిజ్ తలుపు పిడికి ఎప్పుడూ పాతిక రబ్బరు బ్యాండ్లు వేలాడుతుండేవి.

"థియేటర్‌లో డాక్టరుగారు చెయ్యి చాపితే నేను కత్తి ఇవ్వాలి. ఇచ్చేటప్పుడు, 'మూసి ఉంది సార్, లోపలికి దిగాక తెరుచుకుంటుంది లెండి' అని ఇస్తానా?" అనేది.

నేను ఊరుకునే రకం కాదు. "లక్షల మంది వాడుతున్నరు ఆంటీ. అన్నీ తెరుచుకుంటున్నయ్."

"తెరుచుకుంటాయి. కాదన్నానా? డెబ్బై పౌండ్ల విల్లు లాగేవాడు ఏది వాడినా చెల్లుతుంది. నీ భుజం బ్యాడ్మింటన్‌లో పోయింది. నీది యాభై. ఉన్న బలమే తక్కువ, అందులో సగం తలుపు తీయడానికే ఖర్చయితే లోపలికి ఏం పోతుంది?"

అది నాకు అర్థమైంది. కానీ నా బాధ వేరు. ఫిక్స్‌డ్ ములికి పెడితే నా బాణం ముప్పై గజాల దగ్గర నాలుగు అంగుళాలు ఎడమకు పోయేది. మెకానికల్‌లాగా ముడుచుకుని ఉన్నదయితే తిన్నగా పోతుందని డబ్బా మీదే రాసి ఉంది. వాళ్ల పెరట్లో నిలబడి ఆవిడవి అరువడిగి ఎన్నిసార్లు వేసినా అదే ఎడమ, అవే నాలుగు అంగుళాలు. ఆవిడ ఆ ఎడమను చూసి ఎప్పుడూ విసుక్కోలేదు, పైగా సంతోషించేది.

"నువ్వు విల్లు పిడిని పిసుకుతున్నావు, అదే చెప్తోంది ఇది. నీ మెకానికల్ నీ తప్పును దాచిపెడుతుంది. ఇది చూపిస్తుంది. నీకెవరు స్నేహితుడు?"

నాకు దాచిపెట్టేవాడే స్నేహితుడు. ఆ మాట పైకి అనలేదు గానీ, కొన్న ఆ మూడు మెకానికల్ ములికిలను డబ్బా కూడా విప్పకుండా దాచుకున్నాను.

ఇప్పుడు ఆ పొలం గురించి చెప్పాలి. షాంటిలీ నుంచి పడమరకు గంట ప్రయాణం. ఆవులు, ఎండుగడ్డి చుట్టలు, వెనక ఓక్ చెట్ల అడవి, ఒక వాగు. యజమాని డెబ్బై దాటిన తెల్లాయన. ఆవిడను 'నర్స్' అనే పిలిచేవాడు. పదిహేడేళ్లుగా ఆవిడ అక్కడ వేటాడుతోంది. నన్ను తీసుకెళ్లడానికి ఆయన్ని అడిగి ఒప్పించిన రోజున, కార్లో నాకు ఒక్కటే రూలు చెప్పింది.

"జింకను గాయపరిచి పోగొట్టుకుంటే మళ్లీ ఆ పొలంలో అడుగు పెట్టకూడదు. ఓనరు రూలు. చాలా స్ట్రిక్టు. నువ్వు నా మాట మీద వస్తున్నావు కాబట్టి నువ్వు పోగొట్టినా నేను పోగొట్టినట్టే. ఇద్దరికీ ఒకటే పర్మిషన్."

శనివారం తెల్లవారి ఆ అడవిలో కూర్చుంటేనే ఆవిడకు వారమంతా సర్దుకునేది. మోకాళ్ల నొప్పులు, రాలేని పిల్లలు, అంకుల్ షుగరు, అన్నీ ఆ చెట్టు మీద దించుకుని వచ్చేది. అది పోతే ఆవిడకు ఏం మిగులుతుందో నాకు తెలుసు. తెలిసే వెళ్లాను.

ఆ ఏడు దసరా శుక్రవారం వచ్చింది. మేం కరీంనగర్ వాళ్లం, మాకు దసరా అంటే దసరాయే. ఆయుధపూజకు మా ఆవిడ కారు, మిక్సీ, గ్రైండర్, నా ల్యాప్‌టాప్ అన్నీ వరసగా పెట్టింది. "కార్‌కు పెడ్తిమి, మిక్సీకి పెడ్తిమి, నీ బాణాలు ఏం పాపం చేసినయ్?" అంది. నిజమే కదా, ఇంట్లో ఉన్న అసలు ఆయుధం అదొక్కటే. డబ్బా విప్పి మూడు ములికిలనూ బాణాలకు బిగించాను. పసుపు, గంధం చిక్కగా కలిపి ఒక్కోదానికి దండిగా పట్టించి, పైన కుంకుమ పెట్టాను. చాలా అందంగా కనిపించాయి. ఫొటో తీసి చెల్లెలికి కూడా పంపాను.

మర్నాడు పొద్దున ఏడూ నలభైకి నా చెట్టు కిందకు ఆడ జింక వచ్చింది. ఇరవై రెండు గజాలు. పక్కకు తిరిగి నిలబడింది. గురి చూసి వదిలాను. కాస్త ముందుకు తగిలింది, భుజం మీద. చెక్కను కొట్టినట్టు చప్పుడు వచ్చింది. జింక ఎగిరి అడవిలోకి దూకింది. అరవై గజాల అవతల బాణం ఊడి పడి ఉంది. రెండు బ్లేడ్లలో ఒకటే విచ్చుకుంది. రెండోది అలాగే ముడుచుకుని ఉంది, సందులో పచ్చగా, గట్టిగా, ఎండి బిగిసిపోయిన ముద్ద.

ఆంటీ తన చెట్టు దిగి వచ్చింది. బాణం అందుకుని, ఆ పచ్చటి ముద్దను గోరుతో గీకి, ముక్కు దగ్గర పెట్టుకుంది.

"గంధమా?"

"పసుపు కూడా" అన్నాను. నాకు అక్కడే భూమిలో కూరుకుపోవాలనిపించింది. ఆవిడ బైబిలు మనిషి. ఏదో అంటుందని సిద్ధపడ్డాను.

"పూజది తప్పేం లేదు. నా ములికికి పూసి ఉంటే నిక్షేపంగా ఉండేది, ఇనుప ముక్క, దానికేం తెలుసు. పూసినదాన్ని ఒక్కసారి వేసి చూడకుండా జీవం మీదకు వదిలావు చూడు, అదీ తప్పు. నీ ఉద్యోగం ఏంటి అబ్బాయ్?"

"టెస్టింగ్" అన్నాను. ఆవిడ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

వెంటనే వెతుకుదామని నేను కదలబోతే చెయ్యి పట్టి ఆపింది. దెబ్బతిన్న జింక దగ్గర్లోనే పడుకుంటుంది, తరిమితే లేచి రెండు మైళ్లు పోతుంది అంది. ముందు వెళ్లి ఓనరుకు చెప్పాలంది.

"దొరికాక చెప్దాం ఆంటీ. దొరుకుతది కదా. ఇప్పుడే ఎందుకు?" అన్నాను. సిగ్గు లేకుండా అన్నాను.

"ఆయన జింక, ఆయన అడవి. చెప్పకుండా వెతికితే దొంగ వెతుకులాట అవుతుంది."

నన్ను గేటు దగ్గర ఉంచి ఆవిడ ఒక్కతే ఇంటి మెట్ల దాకా నడిచింది. దూరం నుంచి చూశాను. ముసలాయన తలుపు తీశాడు. ఆవిడ బాణం చూపించింది. ఆయన తల ఊపాడు, ఏదో అన్నాడు, ఆవిడ భుజం మీద చెయ్యి వేశాడు. ఆవిడ తిరిగి వచ్చింది.

"సాయంత్రం దాకా టైమిచ్చాడు. ఆ తర్వాత చెట్లకు కట్టుకున్న మన కూర్చునే స్టాండ్లు విప్పుకుని పోవాలి" అంది. ఇడ్లీ డబ్బా తెరిచి ముందు నాకు పెట్టింది. నాకు దిగలేదు. "తిను. ఆకలితో ఉన్నవాడికి నేల మీద చుక్క కనపడదు" అని మింగేదాకా వదల్లేదు.

పదింటికి మొదలుపెట్టాం. ఆవిడ టిష్యూ పేపరు చింపి, రక్తపు చుక్క కనిపించిన చోటల్లా పక్కన కొమ్మకు ఒక ముక్క గుచ్చేది. చుక్కల మీద నడవనిచ్చేది కాదు, పక్కనుంచి నడవాలి. చుక్కలు ఆగిపోయినప్పుడు నేను కంగారుగా నాలుగు వైపులా తిరుగుతుంటే ఆవిడ మాత్రం వెనక్కి తిరిగి నిలబడి, అప్పటిదాకా గుచ్చిన తెల్ల ముక్కల వరసను చూసేది. అవి ఎటు వంగుతున్నాయో చూసి, ముందుకు అదే వంపులో నడిచేది. మళ్లీ చుక్క దొరికేది. వాగు దాటేటప్పుడు మోకాలు పట్టేస్తే రాయి మీద కూర్చుని, కళ్లు మూసుకుని, పెదాలు కదిలించి, మళ్లీ లేచింది. "మీరు వెళ్లిపోండి ఆంటీ, నేను వెతుకుత" అంటే వినిపించుకోలేదు. వెతకడం మొదలుపెట్టి అప్పటికి రెండు గంటల పైనే అయింది. ఆవిడ పదిహేడేళ్లను నేను ఒక్క పసుపు ముద్దతో పోగొట్టానని నాకు ఏడుపు వచ్చేసింది. ఏడ్చాను కూడా. ఆవిడ ఒక టిష్యూ ముక్క చింపి నా చేతిలో పెట్టి, నడుస్తూనే ఉంది.

ఒంటిగంట దాటాక దేవదారు పొదల్లో కనిపించింది. పడుకుని ఉంది. ప్రాణంతో ఉంది. తల ఎత్తి అటువైపు చూస్తోంది, లేవలేకపోతోంది. పద్దెనిమిది గజాలు.

"మీరే కొట్టండి ఆంటీ" అని గుసగుసలాడాను.

ఆవిడ తన విల్లును మెల్లగా ఆకుల మీద పెట్టేసింది. తన బాణం నుంచి ములికిని విప్పి, నా బాణానికి మర తిప్పి బిగించింది.

"నేను కొడితే ఇంక నువ్వు జన్మలో విల్లు పట్టవు" అంది.

"ఇది ఎడమకు పోతది. నా చేతిలో తిన్నగా పోదు. మీకు తెల్సు కదా."

"తెలుసు. నీకూ తెలుసు. ముప్పైకి నాలుగు అంగుళాలు, ఇక్కడికి రెండు. ఎంత పోతుందో తెలిసిన తప్పు అది. లెక్కేసుకుని రెండు అంగుళాలు కుడికి పెట్టు. పిసక్కు."

విల్లు ఎత్తాను. ఆవిడ నా వీపు మీద అరచెయ్యి ఆనించి ఉంచింది. రెండు అంగుళాలు కుడికి పెట్టి వదిలాను. బాణం జింకలోంచి దూసుకుపోయి వెనక నేలలో దిగింది. జింక తల వాల్చింది. నేను పది లెక్కపెట్టేలోగా అయిపోయింది.

ఆవిడ దగ్గరకు వెళ్లి దాని మెడ మీద చెయ్యి వేసి, కళ్లు మూసుకుని రెండు మాటలు ప్రార్థన చేసుకుంది. "నీకు తెలిసింది నువ్వు చెప్పుకో" అంది నాతో. నాకు ఏ శ్లోకమూ గుర్తుకు రాలేదు. "పొద్దున్నుంచి నొప్పి పెట్టిన, క్షమించు" అన్నాను. ఆవిడ ఆమెన్ అంది.

వెనక్కి వచ్చేటప్పుడు గుచ్చిన టిష్యూ ముక్కలన్నీ పీకించింది. నలభై ఒకటి గుచ్చాం, నలభై దొరికాయి. ఆ ఒక్కదాని కోసం, ఆ మోకాళ్లతో, మళ్లీ వాగు దాకా వెళ్లొచ్చింది.

ఆ తర్వాత నాలుగేళ్లు ఆవిడతో వేటకు వెళ్లాను. నా విల్లును సరిచేయించింది. పిడిని పిసక్కుండా బొటనవేలి మొదట్లో ఆనించి పట్టడం నేర్పడానికి ఒక వేసవి పట్టింది. ఎడమకు పోయే ఆ నాలుగు అంగుళాలు రెండయ్యాయి, ఒకటయ్యింది, ఒకరోజు లేకుండా పోయాయి. ఆ రోజు ఆవిడ అంకుల్ చేత సేమ్యా పాయసం చేయించింది. ప్రతి దసరాకు ఫోన్ చేసి, "పూజకు నా బాణాలు కూడా పంపమంటావా?" అని ఏడిపించేది. ఒక ఏడు నిజంగానే పంపింది. మా ఆవిడ ఎంతో భయంగా, చిటికెడు కుంకుమ మాత్రం పెట్టి తిరిగిచ్చింది.

పోయిన చలికాలం ఆవిడకు జబ్బు తెలిసింది, మూడు నెలల్లో పోయింది.

కూడిక అయిన వారానికి, చెట్టు మీద ఆవిడ స్టాండు విప్పి అంకుల్‌కు ఇచ్చేద్దామని పొలానికి వెళ్లాను. నిచ్చెన వేస్తుంటే ముసలాయన ట్రక్కులో వచ్చాడు. టోపీ తీసి కాసేపు ఆ చెట్టు వంకే చూశాడు. ఆవిడ పర్మిషన్ మీద వచ్చినవాణ్ణి కాబట్టి ఇక నాకు ఇక్కడ హక్కు లేదని తెలుసనీ, ఇన్నేళ్లూ మీ రూలు తప్పకుండా చూసుకున్నామనీ, థాంక్స్ అనీ ఇంగ్లీషులో చెప్పాను.

"ఏ రూలు?" అన్నాడు.

గాయపరిచి పోగొట్టుకుంటే మళ్లీ రాకూడదన్న రూలు అన్నాను.

ఆయన టోపీ చేతుల్లో తిప్పుతూ నా వంక వింతగా చూశాడు. అలాంటి రూలు నేనెప్పుడూ పెట్టలేదు అన్నాడు. మొదటి ఏడు నర్స్ ఒక జింకను పోగొట్టుకుందట. రెండు రోజులు వెతికిందట, ఆదివారం చర్చి కూడా మానేసి. మూడో రోజు ఆయన తలుపు తట్టి, మీ జింకను బాధపెట్టాను, దొరకలేదు, ఇంక నేను ఇక్కడికి రాకూడదు అని చెప్పి, ఆయన మాట వినకుండానే వెళ్లిపోయిందట. ఆ సీజనంతా రాలేదు. మరుసటి ఏడు ఆయనే ఫోన్ చేసి బతిమాలితే వచ్చిందట.

"మరి ఆ రోజు? నేను కొట్టినప్పుడు? సాయంత్రం దాకా టైమిచ్చారు కదా?"

"ఇలాంటివి జరుగుతాయి, కాఫీ తాగి వెళ్లమన్నాను. టైము ఇవ్వడానికి నేనెవర్ని?"

కాఫీ తాగమన్నాడట! ఆ మోకాళ్లతో వాగు దాటింది, ఎవరూ దాటమనకుండానే. నన్ను ఏడిపించి, నడిపించి, మళ్లీ నా చేతే విల్లు పట్టించింది. అదంతా లేని రూలుకు. నాకు ముందు కోపం వచ్చింది. తర్వాత నవ్వొచ్చింది. అది నవ్వుగా ఎంతోసేపు నిలవలేదు. ముసలాయన ట్రక్కులోంచి ఏదో వెతికి నూనె మరకల గుడ్డ ఇచ్చాడు, ముఖం తుడుచుకోమని.

మొదటి ఏడు ఆవిడ బాణానికి ఫిక్స్‌డ్ ఉందా, మెకానికల్ ఉందా అని అడిగాను. ఆ పరిస్థితిలో కూడా అదే అడిగాను.

"నాకెలా తెలుస్తుంది? ముఖ్యమా?" అన్నాడు.

కాదన్నాను. నిచ్చెన తీసి పక్కన పెట్టాను. స్టాండు అక్కడే ఉంచి, నన్నే కూర్చోమన్నాడు ఆయన. అయితే ఆయన మొహంలో ఒక సందేహం కనిపించింది.

"ఇంతకీ నాకు ఆ రూలు ఉన్నట్టా, లేనట్టా?"

"ఉంది. పదిహేడేళ్లకు పైగా ఉంది. మీరే పెట్టారు."

ఆయన టోపీ పెట్టుకుని, ఆవుల వైపు చూశాడు. "అవును. పెట్టాను. గట్టిగానే పెట్టాను" అన్నాడు.

ఈ అక్టోబరులో మా ఆఫీసులో డేటాబేస్ చూసే ఒకావిడ నాతో వస్తానంటోంది. వేసవి నుంచి పార్కులో నేర్చుకుంటోంది, చేతిలో నేర్పు ఉంది. మొన్న లంచ్‌లో పొలం గురించి చెప్పి, ఆ ఒక్క రూలూ చెప్పాను. నువ్వు పోగొట్టినా నేను పోగొట్టినట్టే అని కూడా చెప్పాను. ఆవిడ తింటున్న స్పూను కింద పెట్టేసింది.

"ఓనర్ అంత స్ట్రిక్టా?"

"చాలా" అన్నాను.